బరువెక్కడుంది

"పాతవి తవ్వకు" అన్నాడు ఆమె మొగుడు. పాలు మాడి అప్పటికి అయిదు నిమిషాలు కాలేదు.

పొయ్యి మీద పాలు పెట్టాను, కాస్త చూస్తూ ఉండండి అని చెప్పి ఆమె స్నానానికి వెళ్ళింది. వచ్చేసరికి వంటిల్లంతా పొగ. ఆయన హాల్లో ఫోను చూసుకుంటున్నాడు. "చెప్పి వెళ్ళాను కదండీ" అని ఒక్క మాట అన్నందుకు వచ్చిన జవాబు అది. గిన్నె ఇంకా చెయ్యి కాలేంత వేడిగా ఉంది, కిటికీ తెరిచినా వాసన పోలేదు. అయినా ఆయన లెక్కలో అది పాత సంగతి. ఆయన చేసిన తప్పు చేసిన మరుక్షణమే గతంలో కలిసిపోతుంది. ఆమె చేసిందైతే వాడిపోకుండా కూరగాయల మీద నీళ్ళు చల్లినట్టు ఎవరో ఒకరు రోజూ తడుపుతూనే ఉంటారు. పెళ్ళైన కొత్తలో ఒకసారి తాళంచెవులు లోపల మర్చిపోయి తలుపు వేసేసింది. ఆ కథ ఇప్పటికీ ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ కాఫీతో పాటు అందుతుంది.

గిన్నెలో నీళ్ళు పోసి, సోడా వేసి, పీచుతో తోమడం మొదలుపెట్టింది. హాల్లోంచి ఆయన గొంతు మళ్ళీ వచ్చింది. "ఈమధ్య నువ్వు బాగా స్లో అయిపోయావు, గమనించావా? ఒక పని చెప్తే గంట. ఎందుకో తెలుసా? పాత విషయాలన్నీ బుర్రలో మోస్తున్నావు. దించెయ్. తేలికైపోతావు."

ఆయన వ్యక్తిత్వ వికాసం క్లాసులు చెప్తాడు. కంపెనీలవాళ్ళు, కాలేజీలవాళ్ళు పిలుస్తారు. మెడలో చిన్న మైకు తగిలించుకుని, అటూ ఇటూ నడుస్తూ, గతం గతః అంటాడు. నిన్నటి మూట దించితే గానీ రేపటి మెట్టు ఎక్కలేరు అంటాడు. జనం చప్పట్లు కొడతారు. తన ఎంగిలి కాఫీ కప్పు తను ఎక్కడ దించాడో మాత్రం ఆయనకి ఎప్పుడూ గుర్తుండదు. కిటికీ గట్టు మీద, బీరువా పైన, ఒకసారి బూట్ల అరలో కూడా దొరికింది.

క్లాసు ఉన్న రోజు పొద్దున్నే బీరువా అద్దం ముందు రిహార్సలు ఉంటుంది. ఇవాళా మొదలైంది. "మా అమ్మ తుంటి విరిగి మంచాన పడ్డప్పుడు ఏం చేశాను? ఆర్నెల్లు, మిత్రులారా, ఆర్నెల్లు నా కెరీర్‌ని పక్కన పెట్టాను. ఆపరేషన్ థియేటర్ బయట బెంచీ మీద ఒక్కణ్ణే కూర్చుని..." ఇక్కడ గొంతు కొంచెం వణకాలి. వణికింది.

ఆమె తోమడం ఆపి విన్నది. ఈ కథ పుట్టినప్పటి నుంచీ ఎదుగుతూ ఉండగా చూసింది కాబట్టి దాని వయసు ఆమెకి తెలుసు. మొదటి ఏడు అది "మేమిద్దరం అమ్మని కళ్ళల్లో పెట్టుకు చూసుకున్నాం" అని ఉండేది. తర్వాత "నేనే చూసుకున్నాను, మా ఆవిడ కూడా సాయం చేసింది పాపం" అయింది. ఇప్పుడు మా ఆవిడ లేదు, పాపం కూడా లేదు. ఆ ఆర్నెల్లూ జీతం లేని సెలవు పెట్టింది ఆమె. అత్తగారికి మంచం మీదే ఒళ్ళు తుడిచి, బెడ్‌పాన్ పెట్టి తీసి, మళ్ళీ అడుగులు నేర్పింది ఆమె. ఆపరేషన్ రోజు ఆయన ఇంకో ఊళ్ళో ఉన్నాడు, 'బంధాలే బలం' అనే విషయం మీద క్లాసు చెప్తూ. సాయంత్రానికి పళ్ళ బుట్టతో వచ్చి, తల్లి మంచం పక్కన నిలబడి ఫొటో దిగాడు. ఆ ఫొటో ఇప్పుడు క్లాసులో తెర మీద పడుతుంది. తీసింది ఆమె కాబట్టి అందులో ఆమె లేదు.

అత్తగారికి ఇదంతా తెలియదా అంటే, బెడ్‌పాన్ ఎవరు తీశారో మర్చిపోయే మనిషి ఎవరూ ఉండరు. కానీ ఎవరైనా అడిగితే ఆవిడ "మా వాడు బంగారం. ఏ లోటూ రానివ్వకుండా చూసుకున్నాడు" అంటుంది. ఆ తర్వాత కోడలి వైపు చూడకుండా చీర కొంగు సర్దుకుంటుంది.

గిన్నె తెల్లబడింది. మాడిన ఆనవాలు లేదు. అది చూసి ఆమెకి ఒళ్ళు మండింది. ఈ ఇంట్లో ఏ కథకైనా చోటు దొరకడానికి కారణం తనే కదా అనిపించింది. తిన్న పళ్ళెం కడిగేస్తుంది, ఒలికింది తుడిచేస్తుంది, విడిచిన బట్టలు ఉతికి మడతపెట్టి అరలో పెట్టేస్తుంది. పొద్దున్నుంచి రాత్రి దాకా ఆమె చేసే పని అంతా జరిగింది జరగనట్టు చేయడమే. ఎవరేం చేశారో చెప్పే గుర్తు ఒక్కటి మిగలనివ్వదు. ఇక ఎవరికి తోచిన చరిత్ర వాళ్ళు చెప్పుకోక ఏం చేస్తారు.

ఆఫీసులో అలా కాదు. ఆమెకి ఆఫీసు అంటే ఉన్న ఇష్టమంతా అక్కడే ఉంది.

బస్సు టికెట్లు అమ్మే సాఫ్ట్‌వేర్ వాళ్ళది. తొమ్మిదేళ్ళ క్రితం ముగ్గురితో మొదలైతే ఆ ముగ్గురిలో ఇప్పటికీ మిగిలింది ఆమె ఒక్కతే. రాసిన కోడ్ అంతా రిపో అనే ఒకే చోట ఉంటుంది. ఎవరు ఏ చిన్న మార్పు చేసినా అది వాళ్ళ పేరుతో, తేదీతో, ఎందుకు చేశారో చెప్పే ఒక ముక్కతో సహా దాని చరిత్రలో చేరిపోతుంది. దాన్ని కమిట్ అంటారు. ప్రతి కమిట్‌కీ ఒక గుర్తు ఉంటుంది, ఆ గుర్తు తయారయ్యేది అంతకు ముందు కమిట్ గుర్తుని కూడా కలుపుకునే. స్వెటర్ అల్లినట్టన్నమాట. మధ్యలో ఒక కుట్టు మార్చాలంటే అక్కణ్ణుంచి పైదంతా విప్పాల్సిందే, విప్పితే తెలిసిపోతుంది. నేనలా అనలేదే అని అక్కడ ఎవరూ అనలేరు. ఏ లైను మీద నొక్కినా రాసినవాళ్ళ పేరు పలుకుతుంది. వాళ్ళ సాఫ్ట్‌వేర్‌లో సగానికి పైగా లైన్లు ఆమె పేరే పలుకుతాయి.

అందులో ఆర్నెల్ల ఖాళీ కూడా ఉంది. ఆ ఆర్నెల్లలో ఆమె పేరు మీద ఒకే ఒక్క కమిట్. కిందటేడు జీతాల సమీక్షలో ఆ ఖాళీనే చూపించి, "మీకు కంటిన్యుటీ లేదు మేడమ్" అన్నాడు స్పీడు సార్.

స్పీడు సార్ అని పేరు పెట్టింది ఆఫీసంతా కలిసి. ఆయన వచ్చి ఏడాదిన్నర అయింది. మేనేజరు. మెయిల్ కింద సంతకంలో పేరు కంటే ముందు 'వేగమే విజయం' అని ఉంటుంది. మీటింగుకి మాత్రం ఎప్పుడూ ఆలస్యంగా వస్తాడు. వచ్చిన కొత్తలోనే, యాప్ ఆకర్షణీయంగా ఉండాలని, బస్సుల ఫొటోలు తీయించాడు. ప్రతి బస్సుకీ ముందూ వెనకా, ప్రతి సీటుకీ విడిగా, లోపలి పరదాలకీ, చార్జింగు పాయింట్లకీ. లక్షల ఫొటోలు. అవి వేరే చోట పెట్టాలని ఆమె అంటే, "తర్వాత చూద్దాం, ముందు పని కానీ" అని అన్నిటినీ కోడ్ పక్కనే రిపోలో కుమ్మరించాడు. తర్వాత ఎప్పుడూ చూడలేదు.

అప్పటి నుంచి రిపో మూలగడం మొదలుపెట్టింది. ఒక లైను మార్చి, ఏం మారిందో చెప్పమంటే, అది చెప్పేలోపు కాఫీ తాగి రావచ్చు. కొత్తగా చేరినవాళ్ళు కాపీ తెచ్చుకోవాలంటే పొద్దున మొదలుపెట్టి భోజనానికి వెళ్ళేవాళ్ళు. ఒక సోమవారం స్పీడు సార్ అందర్నీ మీటింగు గదిలో కూర్చోబెట్టాడు.

"తొమ్మిదేళ్ళ చెత్త మోస్తున్నాం మనం" అన్నాడు. "ఎప్పుడో ఎవరో రాసిన కమిట్లు, వేల కొద్దీ. ఎవడిక్కావాలవి? హిస్టరీ కట్ చేసేద్దాం. ఇవాళ్టి కోడ్ మాత్రం ఉంచుకుని కొత్త రిపో. ఫ్రెష్‌గా, లైట్‌గా."

ఇంట్లో వినొచ్చిన మాటే. మెడలో మైకు లేదు, అంతే తేడా.

"సార్, స్లో హిస్టరీ వల్ల కాదు" అంది ఆమె. "హిస్టరీ అంటే అక్షరాలే కదా, తొమ్మిదేళ్ళదీ నొక్కి పెడితే ఒక సినిమా అంత కూడా రాదు. దాని మానాన అది ఓ పక్కన ఉంటుంది, అడిగితే తప్ప పలకదు. బరువంతా మనం పెట్టిన ఫొటోలది. ఏం మారింది అని అడిగినప్పుడల్లా అది లక్షల ఫొటోల్నీ ఒక్కొక్కటే తడిమి చూసుకోవాలి. వాటిని బయట పెడితే..."

'మనం పెట్టిన' అంది. పెట్టింది ఆయనే. అన్నాక తనని తనే తిట్టుకుంది.

స్పీడు సార్ నవ్వాడు. "చూశారా? ఆడవాళ్ళకి పారేయడం చేతకాదు. మా ఆవిడా అంతే. ఖాళీ డబ్బాలు, పాత సంచులు, ఒక్కటి పారేయనివ్వదు. అడిగితే ఎందుకైనా పనికొస్తుంది అంటుంది." గది గదంతా నవ్వింది. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అన్నట్టు, ఆమెకి ఆయన మాట కంటే ఆ నవ్వే గుచ్చుకుంది. నవ్వినవాళ్ళలో సగం మందికి కమిట్ చేయడం నేర్పింది ఆమె.

సంగతేమిటంటే, ఆ నెలాఖరుకి కంపెనీలో ప్రధాన ఇంజినీరు పోస్టు భర్తీ కావాలి. డైరెక్టర్ కొత్తగా వచ్చినవాడు, ఎవరు ఏం కట్టారో ఆయనకి తెలియదు. "నాకు మాటలొద్దు. రికార్డులో ఎవరి పని ఎంతో చూసి ఇస్తాను" అన్నాడు. కొత్త రిపో పెడితే మొత్తం కోడ్ ఒకే ఒక్క కమిట్‌గా చేరుతుంది. అది ఎవరు చేస్తే ప్రతి లైనూ వాళ్ళ పేరే పలుకుతుంది. ఆ కమిట్ తనే చేస్తానని స్పీడు సార్ ముందే చెప్పాడు, అది కూడా పెద్ద బాధ్యత మోస్తున్నట్టు మొహం పెట్టి. సొమ్మొకడిది, సోకొకడిది.

ఆమె మెయిల్ రాసింది. టీమ్‌తో కలిసి నడవడం నేర్చుకోండి అని జవాబొచ్చింది. శుక్రవారం కొత్త రిపో తయారైంది. మొదటి కమిట్ మీద స్పీడు సార్ పేరు, పక్కన 'కొత్త ఆరంభం' అనే మాట. సర్వర్ మీద పాత రిపో తీసేశారు. ఎవరి మెషీన్‌లో ఉన్న పాత కాపీలు వాళ్ళు తీసేసి కొత్తది తెచ్చుకోమన్నారు. ఇలాంటి రిపోల్లో ఒక విశేషం ఉంది. పని చేసే ప్రతివాళ్ళ దగ్గరా మొత్తం చరిత్రతో సహా పూర్తి కాపీ ఉంటుంది. అందరూ తీసేశారు. ఆమె తీయలేదు. దొంగతనంగా కూడా దాచలేదు. "నా దగ్గర పాతది ఉంటుంది సార్" అని మొహం మీదే చెప్పింది.

"ఉంచుకోండి మేడమ్. సెంటిమెంటు" అన్నాడాయన, జాలిగా.

కొత్త ఆరంభం జరిగాక వచ్చిన సోమవారం కొత్తగా చేరిన ఒకమ్మాయి తన మెషీన్ ముందు కూర్చుని, లైను మార్చి, ఏం మారిందో చెప్పమని అడిగి, కాఫీకి వెళ్ళి వచ్చింది. ఇంకా చెప్పలేదు. చరిత్ర పోయింది గానీ ఫొటోలు ఎక్కడివక్కడే ఉన్నాయి. కొండని తవ్వి ఎలకని పట్టారు అందామన్నా ఇక్కడ ఎలక కూడా దొరకలేదు. స్పీడు సార్ మొదట నెట్‌వర్క్‌ని తిట్టాడు. తర్వాత కంప్యూటర్లు పాతవన్నాడు. ఆడలేక మద్దెల ఓడు. అన్ని మద్దెలలూ అయిపోయాక, అసలు మన టికెట్ బుకింగే స్లోగా ఉంది, ముందు దాని సంగతి చూడాలి అని కోడ్‌లోకి తల దూర్చాడు. అక్కడ ఆయనకి 'రెండు సెకన్లు ఆగు' అనే లైను కనిపించింది.

డబ్బు కట్టిన తర్వాత, సీటుని ఇంకొకరికి వదిలే ముందు, రెండు సెకన్లు ఏమీ చేయకుండా ఊరికే ఆగుతుంది. స్పీడు సార్‌కి అంతకంటే పెద్ద బూతు ఏముంటుంది. ఇది రాసిన తెలివిగలవాళ్ళెవరు అని ఆ లైను మీద నొక్కాడు. ఆయన పేరే వచ్చింది. ఎందుకు రాశారు అన్నచోట 'కొత్త ఆరంభం' అని ఉంది. ఆయనకి ఆ క్షణంలో కూడా ఏమీ అనిపించలేదు. లైను తీసేసి, ఎవరికీ చూపించకుండా యాప్‌లోకి పంపేసి, 'టికెట్ ఇక రెండు సెకన్లు ముందే' అని ఆఫీసందరికీ మెయిల్ కొట్టాడు.

ఆ రోజు ఆమె లేదు. అత్తగారికి తుంటి ఎక్స్‌రే తీయించడానికి సెలవు పెట్టింది. ఆమె మొగుడు ఎందుకు తీసుకెళ్ళలేదంటే, 'తల్లి ఋణం' మీద క్లాసుంది.

మర్నాడు పొద్దున ఆమె ఆఫీసులో అడుగు పెట్టేసరికి ఫోన్లన్నీ ఒకేసారి మోగుతున్నాయి. ఒకే సీటు ఇద్దరికి అమ్ముడుపోయింది, అదీ ఒక్క బస్సులో కాదు. బస్టాండులో చంటిపిల్లతో ఉన్న తల్లీ, చేతికర్ర పట్టుకున్న పెద్దాయనా ఒకే కిటికీ సీటుకి టికెట్లు చూపించుకుంటున్నారు. ఒక డ్రైవరు, నేనిక బండి తీయను, మీరే వచ్చి సర్దండి అని ఫోన్ చేసి గోల పెడుతున్నాడు. స్పీడు సార్ తన గదిలోంచి బయటికీ, బయటినుంచి గదిలోకీ తిరుగుతున్నాడు. ఆ నడకలో మాత్రం వేగం ఉంది. చేతులు కాలాక ఆకులు వెతుకుతున్నాడు, ఆకులు ఎక్కడుంటాయో కూడా తెలియదు.

డైరెక్టర్ అందర్నీ పిలిచాడు. "ఆ రెండు సెకన్లు ఎందుకు పెట్టారు?"

తీసేసిన ఆ లైను రికార్డు తెరిపించి చూశాడు.

"రికార్డులో మీ పేరే ఉందండీ" అన్నాడు స్పీడు సార్ వైపు తిరిగి. "మీరే కదా రాసింది. ఎందుకు రాశారో చెప్పండి."

ఆమె ఉద్యోగంలో చేరిన తర్వాత అంత కమ్మటి ప్రశ్న వినలేదు. కాసేపు దాని రుచి చూసింది. స్పీడు సార్ సీలింగ్ ఫ్యాను చూశాడు. తొమ్మిదేళ్ళ సాఫ్ట్‌వేర్‌కి ఆయనొక్కడే కర్త, అందులో ఒక్క లైను ఎందుకుందో ఆయనకి తెలియదు. సంతకం మింగగలిగాడు గానీ కారణం మింగలేకపోయాడు.

"రాసింది నేను" అంది ఆమె. తన మెషీన్ తెచ్చి పాత కాపీ తెరిచింది, ఆ లైను మీద నొక్కింది. ఆమె పేరు వచ్చింది. కింద ఆమె అప్పట్లో రాసిన ముక్క ఉంది. డైరెక్టర్ పైకి చదివాడు. "డబ్బు అందిందని బ్యాంకు చెప్పడం ఒక్కోసారి ఆలస్యమవుతోంది. ఈలోపు సీటు ఖాళీ అనుకుని ఇంకొకరికి అమ్మేస్తున్నాం. రెండు సెకన్లు ఆగితే ఆ జవాబు వచ్చేస్తుంది. దయచేసి దీన్ని తీయకండి. ఆసుపత్రి నుంచి పంపుతున్నాను. లోపల మా అత్తగారికి ఆపరేషన్ జరుగుతోంది, ఫోన్ ఎత్తలేను."

ఆర్నెల్ల ఖాళీలో ఉన్న ఆ ఒక్క కమిట్ అదే. ఆపరేషన్ థియేటర్ బయట బెంచీ మీద ఒళ్ళో మెషీన్ పెట్టుకుని రాసింది. సెలవులో ఉండగా, జీతం లేకుండా, ఆఫీసువాళ్ళు ఫోన్ చేసి బతిమాలితే. అదే బెంచీ మీద ఇప్పుడు ఆమె మొగుడు ఊరూరా ఒంటరిగా కూర్చుంటున్నాడు.

రెండు సెకన్లూ తిరిగి పెట్టించింది. ఫోన్లు సద్దుమణిగాయి. మధ్యాహ్నం స్పీడు సార్ ఆమె కుర్చీ దగ్గరికి వచ్చాడు. మేడమ్ కాస్తా అమ్మా అయింది.

"పాత హిస్టరీ మళ్ళీ సర్వర్‌లో పెట్టేద్దాం అమ్మా. డైరెక్టర్ గారు కూడా అదే అన్నారు. ఒక చిన్న పని చెయ్యి. ఆ కొత్త ఆరంభం కమిట్, నిన్నటి ఆ రెండు సెకన్లది, ఆ రెండూ మధ్యలోంచి తీసెయ్. జరిగిందేదో జరిగింది. పాత కాపీ నీ దగ్గర ఉంచమన్నది నా బ్యాకప్ ప్లానే అని చెప్తాను. నీకూ పేరొస్తుంది."

నీకూ. ఆ 'కూ' విని ఆమెకి నవ్వాగలేదు.

"మధ్యలోంచి తీయడం కుదరదు సార్" అంది. "తీస్తే తర్వాతవాటి గుర్తులన్నీ మారిపోతాయి. అందరి కాపీలూ పనికిరాకుండా పోతాయి. మళ్ళీ ఆఫీసంతా మొదటి నుంచి తెచ్చుకోవాలి." చివర్న, "స్పీడు దెబ్బతింటుంది" అంది.

తొమ్మిదేళ్ళ చరిత్రనీ, నాలుగు రోజుల కొత్త ఆరంభాన్నీ కలిపి ముడివేసింది. ఏదీ చెరపలేదు. తన ఆర్నెల్ల ఖాళీ ఎక్కడుందో అక్కడే ఉంది. స్పీడు సార్ కమిట్లు ఆయన పేరుతో, తేదీతో ఉన్నాయి, ఇంకో తొమ్మిదేళ్ళ తర్వాత వచ్చేవాళ్ళు కూడా చదువుకోవచ్చు. లైన్లు మళ్ళీ ఎవరివి వాళ్ళ పేర్లు పలికాయి. ఆ తర్వాత ఫొటోలన్నిటినీ తీసి బయట వేరే చోట పెట్టింది. చరిత్రలో మిగిలిన పాత ఫొటోలు కూడా, ఎవరైనా అడిగితేనే వచ్చేలా సర్దింది. కొత్తమ్మాయి లైను మార్చి, ఏం మారిందని అడిగింది. అలవాటు కొద్దీ కాఫీ కప్పు పట్టుకుని లేవబోయింది. అప్పటికే జవాబు వచ్చేసింది.

"అక్కా, హిస్టరీ అంతా ఉండగానే ఇంత స్పీడుగా ఉందేంటి?" అంది ఆ అమ్మాయి.

"బరువెప్పుడూ దానిది కాదు" అంది ఆమె.

ఇంటికి వెళ్తూ బస్సులో ఆ మాటే నమిలింది. తన బుర్ర స్లో అయిందన్న మాట నిజమే. ఎప్పటెప్పటి విషయాలో మోయడం వల్ల కాదు. అవి ఓ మూల కూర్చుని ఉన్నాయి, పిలిస్తే తప్ప పలకవు. పొద్దున లేచింది మొదలు ఆమె తడిమి చూసుకోవాల్సినవి వేరే ఉన్నాయి. పాలు వచ్చాయా, అత్తయ్య బీపీ మాత్ర వేసుకుందా, ఆయన చొక్కా ఇస్త్రీ అయిందా, కరెంటు బిల్లు కట్టారా, కప్పు ఎక్కడ పెట్టాడు, తువ్వాలు ఎక్కడ పడేశాడు. ఒక్క పని మొదలుపెట్టాలంటే ఇల్లంతా ఒకసారి తడమాలి. ఇవన్నీ ఇవాళ్టివే, రేపు మళ్ళీ ఇవాళ్టివే అవుతాయి. ఇన్నేళ్ళూ ఇంట్లో ఆ పెద్దమనిషి చెప్పింది నమ్మి, నాకే ఏదో జబ్బు, మర్చిపోవడం చేతకాదు అనుకుంది. ఆయన మీద వచ్చిన కోపం కంటే, నమ్మినందుకు తన మీద వచ్చిన కోపం ఎక్కువ.

ప్రధాన ఇంజినీరు పోస్టు సంగతి రెండు వారాల్లో చెప్తామన్నారు. "చెప్పండి, కాగితం మీద" అంది ఆమె. స్పీడు సార్ ఆ వారంలోనే సంతకంలోంచి 'వేగమే విజయం' తీసేశాడు.

ఆదివారం మధ్యాహ్నం భోజనానికి ఆమె మొగుడి క్లాసులు ఏర్పాటు చేసే దంపతులు వచ్చారు. వంట ఆమె చేసింది, వడ్డన ఆమె చేసింది. ఆయన కబుర్లు వడ్డించాడు. తాళంచెవుల కథ అయింది. తర్వాత అత్తగారి తుంటి వచ్చింది.

"ఆ బెంచీ మీద ఒక్కణ్ణే కూర్చున్నానండీ" అన్నాడు, గొంతు వణికే చోట వణికిస్తూ. "లోపల అమ్మ. బయట నేను. అప్పుడు నాకు జీవితం అంటే ఏమిటో..."

"ఆ రోజు మీరు ఊళ్ళో లేరండీ" అంది ఆమె, కూర గిన్నె ఆయన వైపు జరుపుతూ. "క్లాసులో ఉన్నారు. బెంచీ మీద ఉన్నది నేను. ఆఫీసు పని కూడా అక్కడే చేశాను."

కోపంగా అనలేదు. ఉప్పు అందించినట్టు అంది. వచ్చినావిడ చెయ్యి నోటి దగ్గర ఆగిపోయింది. ఆవిడ భర్త మంచినీళ్ళు తాగాడు. అత్తగారు కొంగు సర్దుకోబోయి, ఎందుకో మానేసి, "సాయంత్రం వచ్చాడులే" అంది చిన్నగా.

వాళ్ళు వెళ్ళిపోయారు. అత్తగారు తన గదిలో నడుం వాల్చింది. బల్ల నిండా ఎంగిలి పళ్ళాలు, గిన్నెలు. ఆయన తన కుర్చీలోనే ఉన్నాడు, కళ్ళు ఎర్రగా.

"వాళ్ళ ముందు నా పరువు తీశావు. ఎప్పటిదో పట్టుకుని. కడుపులో ఇంత పెట్టుకున్నావన్నమాట ఇన్నేళ్ళూ?"

ఆమె లేచింది. తన పళ్ళెం తీసుకెళ్ళి కడుక్కుంది. అత్తగారి పళ్ళెం కూడా కడిగింది, ఆవిడ వంగలేదు కాబట్టి. రెండిటినీ తుడిచి అరలో పెట్టింది.

వెనక ఆయన గొంతు మారింది. మైకు గొంతు వచ్చింది. "సరే, నేనూ మనిషినే. పొరపాట్లు ఉంటాయి. పాతవన్నీ మర్చిపోదాం. ఇవాళ్టి నుంచి, ఈ క్షణం నుంచి, మనిద్దరం కొత్తగా మొదలుపెడదాం. ఏమంటావు?"

"సరేనండీ" అంది ఆమె. చేతులు తుడుచుకుని, చెప్పులు వేసుకుంది.

"ఎక్కడికి?"

"అలా కాసేపు నడిచొస్తాను."

ఆయన బల్ల వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. "మరి ఇవి?"

ఆమె తలుపు తెరిచి, గుమ్మంలో ఆగింది.

"పాతవి కావు కదండీ. ఇప్పుడు మీరు తిన్నవే."